అందుకునే గొంతు

తిరువూరు నుంచి గంపలగూడెం పోయే రోడ్డు పక్కన, వీరరాఘవయ్య గారి పొలంలో పన్నెండు మంది ఆడవాళ్ళు వంగి వరి నాటుతుంటే, అంతోనమ్మ ఒక్కతే గట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు చేతులకీ కొబ్బరినూనె రాసి ఉంది. నూనె మీద మట్టి పడకుండా కూరగాయల ప్లాస్టిక్ కవర్లు తొడిగి, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. నాట్లు ముమ్మరంగా పడుతున్న శ్రావణంలో అంతోనమ్మ గట్టెక్కి కూర్చోవడం యాభై రెండేళ్ళ ఆవిడ జన్మలో ఎవరూ చూసి ఎరగరు. ఆవిడకే కొత్తగా ఉంది. కూర్చోవడం ఇంత కష్టమైన పనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

వీరరాఘవయ్య మోటారు సైకిలు రోడ్డు మీద ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంట వచ్చాడు.

"ఏంటమ్మా అంతోనమ్మా, ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బానే ఉందండి. వేళ్ళకే బాలేదు."

నారు కట్ట విప్పుతున్న హన్నా నడుం ఎత్తింది. అంతోనమ్మ తమ్ముడి కోడలు. పాతికేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు. "మా అత్త ఇటలీ వెళ్తందండి, పాటల పండక్కి. వీసా ఆఫీసులో వేళ్ళు పెట్టమంటే మిషను మీద ఏం పళ్ళేదంట. ముద్రలు అరిగిపోయినయ్యంట. మూడు వారాలు నీళ్ళల్లో చెయ్యి పెట్టకుండా నూనె రాసుకుని రమ్మన్నారు."

"అరిగిపోవటమేంటే? ఎక్కడ అరిగినయ్యి?"

"ఇక్కడేనండి. మీ పొలంలోనే," అంది కోటేశ్వరమ్మ. తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. అన్న మాటా, నాటిన కుదురూ ఒకేసారి పడ్డాయి.

వీరరాఘవయ్యకి ఆ మాట వినపడలేదనుకోవాలి, ఎందుకంటే ఆయన వెంటనే ఇటలీలో వరి పండుతుందా అని అడిగాడు. పండుతుందట అని చెప్పింది అంతోనమ్మ. అక్కడ కూడా ఒకప్పుడు ఆడవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో వంగి, కలుపు తీస్తూ పాడేవాళ్ళట. తర్వాత మిషన్లు వచ్చి పని పోయింది. పాటలు మాత్రం మిగిలాయి. ఆ పాటలకే ఏటా ఒక పండగ చేసి, వరి పండించే వేరే దేశాల వాళ్ళని కూడా పిలుస్తున్నారట. తిరువూరు కాలేజీలో పాఠాలు చెప్పే ప్రేమ్ కిరణ్ సారు రెండేళ్ళ కిందట ఇదే పొలంలో తీసిన వీడియో చూసి, ఆ పాడిన ఇద్దరినీ పంపమని రాశారట.

"ఇద్దరా? రెండోది ఎవరు?"

హన్నా మళ్ళీ నారు కట్ట మీదకి వంగింది. రెండోది కోటేశ్వరమ్మ. ఆవిడ వేళ్ళ ముద్రలు కూడా మిషను తీసుకోలేదు. ఆవిడది అరగడం కాదు. విమానం ఎక్కుతున్నానన్న సంబరంలో ఆషాఢపు గోరింటాకు పది వేళ్ళకీ టోపీల్లా దట్టంగా పెట్టుకుని హైదరాబాదు వెళ్ళింది. మిషను మీద పది నల్లటి మచ్చలు పడ్డాయి. రంగు పోయాక రమ్మన్నారు. ఆవిడ తిరిగొచ్చిన మర్నాడే నాట్లకి దిగింది. "రంగు పోటానికి ఇంట్లో కూర్చోవాలా? బురదే పోగొడుద్ది," అంది. ఇక ఆవిడ సంగతి అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అంతోనమ్మ కూడా.

ఆసామి వెళ్ళాక ఆడవాళ్ళు కొత్త మునుం పట్టారు. ఒక్కొక్కరు ఆరేడు కుదుళ్ళ వెడల్పు తీసుకుని, వెనక్కి నడుస్తూ నాటుకు పోవాలి. ఎడం చేతిలో నారు కట్ట, కుడి చేతి బొటనవేలూ చూపుడు వేలూ మధ్యవేలూ కలిపి మూడు నాలుగు మొక్కలు తుంచుకుని, బురదలోకి దించి, మొదట్లో ఒక్క నొక్కు నొక్కి వదలడం. చెయ్యి పైకి వచ్చేలోగా కళ్ళు పక్క కుదురు చోటు చూసేస్తాయి.

"పాడు అత్తా. నోటికేం నూనె రాయలేదుగా," అంది హన్నా.

అంతోనమ్మ లేచి నిలబడింది. గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"నీళ్ళొచ్చె నీళ్ళొచ్చె, ఏ ఊరి నీళ్ళొచ్చె?"

"కట్టలేరు దాటొచ్చె, కాలవెంట నడిచొచ్చె," అని ఊరి పక్క వాగు పేరు కలిపి కోటేశ్వరమ్మ అందుకుంది. ముప్ఫై ఏళ్ళుగా అంతే. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. మిగతావాళ్ళు చివరి మాట పట్టుకుని రెండోసారి అనాలి.

"నడుమొంగె నడుమొంగె, ఎవ్వారి నడుమొంగె?"

"నాదొంగె నీదొంగె, నారుకట్ట తానొంగె."

గట్టు మీద గాలి బాగుంది. నిటారుగా నిలబడితే గొంతు ఎంత దూరమైనా పోతోంది. అంతోనమ్మకి హుషారు వచ్చింది. మూడో ప్రశ్న వేసింది, నాలుగోది వేసింది. అయిదో ప్రశ్నకి జవాబు రాలేదు. చూస్తే వరస అంతా చెదిరిపోయి ఉంది. కొందరు ముందుకు పోయారు, కొందరు వెనకబడ్డారు, కుదుళ్ళు వంకర టింకరగా పడ్డాయి. హన్నా రొప్పుతూ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆగత్తా తల్లీ. తెలుస్తందా నీకు, ఎంత దూకుడుగా పాడతన్నావో? నువ్వు గట్టు మీంచి పాడతంటే అయ్యగారు మమ్మల్ని తరిమినట్టుంది."

అందరూ గొల్లున నవ్వారు. అంతోనమ్మ కూడా నవ్వబోయింది. కోటేశ్వరమ్మ నవ్వలేదు. తప్పుపడ్డ కుదుళ్ళు నాలుగు పీకి, మళ్ళీ వరసలో నాటుతోంది. ఆ పీకడం చూశాక అంతోనమ్మకి నవ్వు రాలేదు. కవర్లు తొడిగిన చేతులతో చెప్పులు తీసుకుని ఇంటికి వచ్చేసింది.

*

ఇంట్లో మొగుడు రాయప్ప అంట్లు తోముతున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన అంట్ల గిన్నె పట్టుకున్నది ఈ మూడు వారాలే. వాకిట్లో కూర్చుని తోముతుంటే వచ్చే పోయే వాళ్ళు ఆగి పలకరిస్తున్నారని, ఇప్పుడు పెరట్లోకి మారాడు.

"జోజిబాబు వాళ్ళమ్మ ఇంకో రెండు జపమాలలు ఇచ్చెళ్ళింది. పోపుగారి చేత దీవించి తెమ్మంది," అన్నాడు చెయ్యి ఆపకుండా.

కిటికీలో ఉన్న గుడ్డ సంచి ఇప్పటికే బరువెక్కింది. ఇటలీ అనగానే పేటలో ఎవరికీ వరి పొలాలు గుర్తు రాలేదు. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు పీఠం దగ్గర నుంచే ఆవిడ పేరు చెప్పి, ప్రార్థన చేయించారు. పండగ జరిగే ఊరికీ పోపుగారుండే ఊరికీ మధ్య రైలు మీద సగం రోజు ప్రయాణం ఉందని ప్రేమ్ కిరణ్ చెప్పాడు గానీ, అంతోనమ్మ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇచ్చినవి ఇచ్చినట్టు తీసుకుని సంచిలో వేస్తోంది.

సాయంత్రం ప్రేమ్ కిరణ్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, మనిషి మంచివాడు. పాటలంటే ప్రాణం పెడతాడు. ఇద్దరి పాస్‌పోర్టులకీ ఆయనే తిరిగాడు, పండగ వాళ్ళతో ఉత్తరాలు ఆయనే నడిపాడు. ఆయన వీసా వచ్చేసింది కూడా. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప మీదే కూర్చుని ఫోను తీశాడు.

"అమ్మా, ఎల్లుండి మన అపాయింటుమెంటు. ఈసారి మీ ముద్రలు పడిపోతాయి. కోటేశ్వరమ్మ గారి సంగతి అనుమానమే. నాట్లు మానమంటే మానలేదు కదా. అందుకని ఒక ఏర్పాటు చేశాను, వినండి. పాత వీడియోలో మీ గొంతు తీసేసి, ఆవిడ గొంతు ఒక్కటే ఉంచాను. స్టేజీ మీద మీరు పాడతారు. జవాబులు స్పీకర్లో వస్తాయి. పోయిన వారం అడిగితే సరే అన్నారుగా, ఒకసారి సాధన చేద్దాం."

అంతోనమ్మ సరే అన్నమాట నిజమే. అప్పుడు ఆవిడ మనసంతా విమానం మీద ఉంది.

ఫోను బల్ల మీద పెట్టాడు. అంతోనమ్మ ఎత్తుకుంది. "నీళ్ళొచ్చె నీళ్ళొచ్చె, ఏ ఊరి నీళ్ళొచ్చె?" ఫోనులోంచి కోటేశ్వరమ్మ జవాబు చెప్పింది. సరిగ్గానే ఉంది. పెరట్లో రాయప్ప కూడా గిన్నె పక్కన పెట్టి వింటున్నాడు. రెండో ప్రశ్న దగ్గర అంతోనమ్మ ఎప్పటిలాగే "ఎవ్వారి" అన్న మాటని కొంచెం సాగదీసింది. ఆవిడ ఇంకా సాగదీస్తుండగానే ఫోను జవాబు చెప్పేసింది.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తొందరపడితే ఫోను వెనకబడింది. ఇంకోసారి పాడారు. ఇంకోసారి. నాలుగోసారికి అంతోనమ్మ నోరు మూసుకుని ఫోను వంక చూస్తూ కూర్చుంది. ఎవరూ అడక్కుండానే కోటేశ్వరమ్మ గొంతు ఒక్కో జవాబూ చెప్పుకుంటూ పోయింది. నాదొంగె, నీదొంగె, నారుకట్ట తానొంగె. అదివరకు ఎన్నడూ గుర్తించని విషయం ఒకటి అంతోనమ్మకి అప్పుడు తెలిసింది. కోటమ్మ ముప్ఫై ఏళ్ళుగా తన కోసం ఆగుతోంది. తను ఎక్కడ సాగదీస్తుందో, ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ మొక్క సరిగా నిలవక రెండోసారి వంగుతుందో అన్నీ చూసుకుని, అప్పుడు అందుకుంటోంది. పాట తనదని ఊరంతా అంటుంటే తనూ నిజమే అనుకుంది.

"ఇది నా కోసం ఆగదు సారూ," అంది.

"ఆగదమ్మా, రికార్డింగు కదా. మీరే దానికి అలవాటు పడాలి."

"కోటమ్మకి చెప్పారా, ఆవిడ గొంతు ఇట్టా తీసుకెళ్తన్నట్టు?"

ప్రేమ్ కిరణ్ ఫోను చేతిలోకి తీసుకుని, తెర మీద వేలితో ఏదో జరిపాడు. "చెబుదామనే అనుకున్నా. మీరు చెబితే బాగుంటుందేమో," అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే అంతోనమ్మ వెళ్ళేసరికి కోటేశ్వరమ్మ కూలికి బయలుదేరుతోంది. చద్దన్నం క్యారేజీ సర్దుతూ, "రా వదినా" అనలేదు. పీట కూడా చూపించలేదు.

"హన్నా చెప్పిందిలే రాత్రి," అంది. "నా గొంతు డబ్బాలో ఏసుకుని ఇటలీ పోతన్నావంటగా. నువ్వు సై అన్నావంట."

"అన్నాను."

"అడగొచ్చుగా నన్నొక మాట."

 నువ్వు నాట్లు ఆపలేదుగా అందామనుకుంది అంతోనమ్మ. ఆపితే ముఠాలో ఇంకో మునుం తగ్గిపోతుందనీ, ఇప్పటికే రెండు పూటలా తన మునుం కూడా కలిపి లాగుతోంది కోటమ్మేననీ గుర్తొచ్చి ఊరుకుంది. గట్టు మీద తను కూర్చున్న మూడు వారాలూ తన వంతు బురదలో ఎవరు నడిచారో ఆవిడకి తెలుసు. తెలిసీ ఎవరినీ అడగలేదు. సిగ్గేసింది. ముఖం మీద కొట్టినట్టు సిగ్గేసింది.

"తప్పయింది వదినా," అంది. "రేపు నువ్వూ రా హైదరాబాదు. నీ ముద్రలు పడితే ఇద్దరం పోదాం. పడకపోతే నేనూ పోను."

"నువ్వు పోకపోతే పేటోళ్ళు నన్ను తంతారు. ఆ జపమాలలన్నీ ఏం చేస్తావ్?"

"ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తా."

కోటేశ్వరమ్మ క్యారేజీ మూత బిగించింది. తన చేతులు తిప్పి చూసుకుంది. గోరింటాకు ఎక్కడా లేదు. గోళ్ళ చివర మాత్రం నెలవంకలా సన్నటి ఎర్ర గీత ఉంది. వేళ్ళ కొసల మీద చర్మం గట్టిగా, నల్లగా, గీతల్లో మట్టి పట్టి ఉంది.

"ఈ చేతులు చూస్తే వీసా ఆఫీసులో పిల్ల బయటికి తరుముద్ది," అంది. చేతులు కొంగుకి తుడుచుకుని, "వస్తాలే," అంది. "పోయినసారి ఆ నడిచే మెట్లు చూసి నిలబడిపోయావు. నేను చెయ్యి పట్టుకుని లాక్కపోతేగానీ ఎక్కలా. నీకు తోడు వస్తన్నా, అంతే. వీసా కోసం కాదు."

అని తనే ఒక అడుగు ముందుకు వేసి, అంతోనమ్మ చేతికి జారిపోతున్న కవరు సరిచేసి, రబ్బరు బ్యాండు మళ్ళీ వేసింది.

*

తెల్లారేసరికి హైదరాబాదులో బస్సు దిగారు. ప్రేమ్ కిరణ్‌తో కలిపి ముగ్గురూ టీ తాగి, ఆఫీసు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నారు. లోపల చల్లగా ఉంది. టోకెను పిలిచేదాకా అంతోనమ్మ చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. మూడు వారాల కాపలా. బియ్యం కడగలేదు, బట్ట ఉతకలేదు, తల కూడా హన్నా చేత దువ్వించుకుంది.

"ముందు నువ్వు పో," అని కోటేశ్వరమ్మని తోసింది. ఆవిడది కాదంటారు, తర్వాత తనది అవుతుంది, అప్పుడు తను వద్దంటుంది, అదీ అంతోనమ్మ వేసుకున్న లెక్క. వద్దనడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది కూడా.

కౌంటరులో అమ్మాయి పోయినసారి అమ్మాయే. కోటేశ్వరమ్మ చేతులు చూసి చిన్నగా మొహం పెట్టి, తడి గుడ్డ ఇచ్చింది. కోటేశ్వరమ్మ తుడుచుకుంది. గుడ్డ నల్లబడింది గానీ చేతులు తెల్లబడలేదు. ముందు కుడి చేతి నాలుగు వేళ్ళు అద్దం మీద పెట్టమంది. కింద నుంచి పచ్చటి వెలుగు వచ్చింది.

"గట్టిగా నొక్కండమ్మా."

నొక్కమంటే కోటేశ్వరమ్మకి తెలుసు. మొక్క మొదట్లో నొక్కినట్టు ఒక్క నొక్కు నొక్కింది. తెర మీద నాలుగు వేళ్ళు పడ్డాయి. గీత మీద గీత, నాగటి చాళ్ళంత స్పష్టంగా. ఎడమ చెయ్యి పడింది. రెండు బొటనవేళ్ళూ పడ్డాయి. అమ్మాయి నవ్వి, "బాగా వచ్చాయమ్మా, చాలా క్లియర్‌గా ఉన్నాయి," అంది.

కోటేశ్వరమ్మ ఇవతలికి వచ్చి నిలబడింది. ఆవిడ మొహంలో సంతోషం కంటే కంగారే ఎక్కువ కనిపించింది.

అంతోనమ్మ వెళ్ళింది. కొంగులోంచి చేతులు తీసింది. అవి ఆవిడ చేతుల్లా లేవు. మెత్తగా, గులాబీ రంగులో, పురిటి పిల్ల చేతుల్లా ఉన్నాయి. కుడి చేతి నాలుగు వేళ్ళు అద్దం మీద పెట్టింది. తెర మీద నాలుగు బూడిద రంగు మరకలు పడ్డాయి. నూనె తుడిచి పెట్టింది. మళ్ళీ అవే మరకలు. అమ్మాయి లోపలికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయన అంతోనమ్మ వేలు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాడు.

"పాత చర్మం మొత్తం ఊడిపోయి కొత్తది వచ్చిందమ్మా. గీతలింకా పడలేదు. పని చేసే చేతులకి ఒక్కసారిగా విశ్రాంతి ఇస్తే ఇలా అవుతుంది కొందరికి."

"మరి మీరే చెప్పారుగా, నీళ్ళల్లో పెట్టొద్దని," అంది కోటేశ్వరమ్మ వెనక నుంచి.

"అందరికీ అదే చెబుతామమ్మా. చాలామందికి పనిచేస్తుంది." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "వేళ్ళే లేనివాళ్ళకి మినహాయింపు ఉంది. ఈవిడకి వేళ్ళున్నాయి. ముద్రలే లేవు. రెండు నెలలాగితే వస్తాయి కాబట్టి మినహాయింపు రాయడానికి వీల్లేదు. రెండు నెలలాగి రండి."

"పండగ వచ్చే నెలేగా సార్," అన్నాడు ప్రేమ్ కిరణ్.

పెద్దాయన చేతులు రెండూ కొంచెం ఎత్తి దించాడు. అంతోనమ్మ తన చేతులు మళ్ళీ కొంగులో చుట్టుకుంది. ఎందుకు చుట్టుకుందో ఆవిడకే తెలియదు. ఇక దాచుకోవాల్సిన పని లేదు.

*

తిరుగు బస్సులో ప్రేమ్ కిరణ్ ముందు సీట్లో కూర్చుని ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. వెనక ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.  అంతోనమ్మకి ఏడుపు వచ్చింది. ఏడుపుతో పాటు అసూయ కూడా వచ్చింది, దాచేదేముంది. మాట విన్నదాని చేతులు పనికిరాలేదు, విననిదాని చేతులు పనికొచ్చాయి. కోటమ్మ మోచెయ్యి తగిలితే పక్కకి జరిగింది.

"గోరింటాకు పెట్టుకోవే, చేతులు గట్టిపడతయ్యి అని ఎన్నిసార్లు చెప్పా నీకు," అంది కోటేశ్వరమ్మ. "మాకు ఆషాఢమేంటన్నావు."

అంతోనమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బయట ఎక్కడో నాట్లు వేస్తున్నారు.

"నేను పోను," అంది కోటేశ్వరమ్మ. "నాకు అందుకోవటమే తెలుసు. అడిగేవాళ్ళు లేకుండా జవాబేం చెబుతా? అంత దూరం పోయి నోరెళ్ళబెట్టుకు నిలబడాలా?"

ముందు సీట్లోంచి ప్రేమ్ కిరణ్ తిరిగాడు. "పాత వీడియో ఉందిగా. ఈసారి అంతోనమ్మ గారి గొంతు ఉంచి, మీది తీసేస్తా."

"వద్దు," అంది అంతోనమ్మ. అప్పటిదాకా ఆవిడ వింటోందని ఇద్దరూ అనుకోలేదు. "ఆ పాతది వద్దు సారూ. దాంట్లో కోటమ్మకి ఖాళీ లేదు. నేను అడుగుతా పోతా ఉంటా, ఆవిడే ఉరుకుతా ఉంటది. నాకు ఫోనుతో పాడినప్పుడు తెలిసింది. కొత్తగా పాడతా. రేపు పొద్దున పొలానికి రండి."

"నేను పోనంటన్నాగా," అంది కోటేశ్వరమ్మ.

"నీ గొంతు డబ్బాలో ఏసుకెళ్ళటానికి నేను సై అన్నా. నా గొంతు తీసుకెళ్ళటానికి నువ్వు సై అనవా?"

"అది తప్పని నిన్న నువ్వేగా అంది?"

"తప్పే. ఆగని గొంతు తీసుకెళ్ళటం తప్పు. నేను ఆగి పాడతా."

 బస్సు ఊగినప్పుడు కోటేశ్వరమ్మ మోచెయ్యి మళ్ళీ తగిలింది. ఈసారి అంతోనమ్మ జరగలేదు.

*

మర్నాడు పొద్దున అంతోనమ్మ పొలానికి వస్తూ జపమాలల సంచి కూడా తెచ్చింది. గట్టు మీద కోటేశ్వరమ్మ క్యారేజీ పక్కన పెట్టింది.

"ఇదేంటి? మీ దేవుడి సరుకు నాకెందుకు?"

"పోపుగారు కనపడరంటలే. ఆ ఊరి గుళ్ళో పీఠానికి తాకించి తీసుకురా, చాలు. ఎవరిది ఎవరిదో దారాలు కట్టాను."

కోటేశ్వరమ్మ సంచిలోకి తొంగి చూసి, దాని మూతి బిగించి ముడి వేసింది. పడకుండా క్యారేజీ హ్యాండిలుకి తగిలించింది.

అంతోనమ్మ చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, గట్టు దిగింది. మూడు వారాల తర్వాత బురద పాదాల కిందికి చల్లగా జారింది. ప్రాణం లేచొచ్చింది. కొత్త చర్మానికి నీళ్ళు చురుక్కుమన్నాయి. ఎడం చేతిలోకి నారు కట్ట తీసుకుని, కోటేశ్వరమ్మ పక్క మునుం పట్టింది. హన్నా అటు పక్కన ఉంది.

ప్రేమ్ కిరణ్ గట్టు మీద నిలబడి ఫోను చాచాడు.

"అక్కడ కాదు సారూ, దిగండి. గట్టు మీదకి వచ్చే గొంతు వేరే."

ఆయన ఒక్క క్షణం తన ప్యాంటు వంక చూసుకున్నాడు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, పట్టు తప్పి ఒకసారి తూలి, బురదలో నడిచి వచ్చి వంగి నిలబడ్డాడు. ఆడవాళ్ళు నవ్వు ఆపుకున్నారు.

"అందరూ వినండే," అంది అంతోనమ్మ. "ఇయ్యాల నేను అడిగినదానికి ఎవరూ పలకొద్దు. హన్నా, నీకే చెబుతన్నా. కోటమ్మా, నువ్వు కూడా. నువ్వు చెప్పేది అక్కడ చెప్పాలి. నాటుకుంటా పొండి, నోరు మాత్రం ఎత్తొద్దు."

నాలుగు కుదుళ్ళు నాటాక నడక కుదిరింది. నడుం వంగి, కడుపులో గాలి అదిమి, ఎత్తుకుంది.

"నీళ్ళొచ్చె నీళ్ళొచ్చె, ఏ ఊరి నీళ్ళొచ్చె?"

ఆగింది. హన్నా నోరు అలవాటు కొద్దీ తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. పదమూడు మంది చేతులు నీళ్ళలో పడి లేస్తున్న చప్పుడు తప్ప పొలంలో ఏమీ లేదు. కోటమ్మ జవాబుకు మూడు కుదుళ్ళు పడతాయని అంతోనమ్మకి తెలుసు. ఒకటి నాటింది. రెండోది నాటింది. మూడోది నాటింది. జవాబు అయిపోయింది. ఆడవాళ్ళు రెండోసారి అనాల్సిన చివరి మాటకి ఇంకొకటి నాటింది.

"నడుమొంగె నడుమొంగె, ఎవ్వారి నడుమొంగె?"

మళ్ళీ ఆగింది. ఓరగా చూసింది. పక్క మునుంలో కోటేశ్వరమ్మ చెయ్యి ఆపకుండా నాటుతోంది. ముక్కు మీదుగా కారిన నీళ్ళు మోచేత్తో తుడుచుకుంది. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. నాదొంగె, నీదొంగె. మూడు కుదుళ్ళయ్యాయి, చివరి మాటకి నాలుగోదీ అయింది.

అంతోనమ్మ వెంటనే ఎత్తుకోలేదు. కొత్త ఊరు, కొత్త జనం, దీపాలు. నిటారుగా నిలబడి పాడటం కోటమ్మకి అలవాటు లేదు. దమ్ము అందకపోవచ్చు. కళ్ళు తుడుచుకోవాల్సి రావచ్చు. ఇంకో నాలుగు మొక్కలు తుంచి, అయిదో కుదురు నాటి, మొదట్లో నొక్కి, ఆ తర్వాత మూడో ప్రశ్న అడిగింది.